అమ్మాయి బౌలింగ్ ఆడితే కాలేజీ ఫీజుకు స్కాలర్‌షిప్ వస్తుందా? టెన్‌పిన్ ఆడే పిల్లలకు అమెరికాలో ఉన్న దారులు

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నారు. పదమూడేళ్ళ మీ అమ్మాయి రెండేళ్ళుగా శనివారం యూత్ లీగ్‌లో టెన్‌పిన్ బౌలింగ్, అంటే బంతి దొర్లించి పది పిన్నులను పడగొట్టే ఆట, ఆడుతోంది, ఒక్కో ఆటకు సగటు 148 పాయింట్లు. బౌలింగ్ ఆడే పిల్లలకు కాలేజీ స్కాలర్‌షిప్‌లు సులువుగా వస్తాయని తోటి తల్లిదండ్రులు అంటున్నారు. అది ఎంతవరకు నిజం, ఏయే బహుమతులు ఉన్నాయి, ఎప్పుడు మొదలుపెట్టాలి, మీరు హెచ్-1బీ మీద ఉన్నారు కనుక అది అడ్డవుతుందా, ఇప్పుడే మూడో బంతి కొని ప్రత్యేక కోచింగ్ పెట్టించాలా అన్నవి మీ ప్రశ్నలు.

ముందుగా సూటి సమాధానం చెబుతాను. డబ్బు ఉంది, కానీ అది ఒకేసారి పెద్ద మొత్తంగా రాదు. లీగ్‌లలో, టోర్నమెంట్లలో పది, ఇరవై, యాభై డాలర్లుగా పోగయ్యే సొమ్ము ఒక దారి. పన్నెండో తరగతిలో దరఖాస్తు పెట్టుకుంటే వచ్చే స్కాలర్‌షిప్‌లు రెండో దారి. కాలేజీ జట్టులో చోటు దొరికితే వచ్చేది మూడో దారి, పెద్ద సొమ్ము ఉన్నది అక్కడే. మీ అమ్మాయికి మూడూ తెరిచే ఉన్నాయి. అయితే చివరి రెండింటిలో బంతి వేగం కంటే, సగటు కంటే, స్కూల్లో వచ్చే మార్కులు ఎక్కువ పని చేస్తాయి. పద్నాలుగేళ్ళుగా డల్లాస్ శివారులో ఒక యూత్ లీగ్‌లో బ్రాంజ్ స్థాయి కోచ్‌గా ఉంటూ, నా ఇద్దరు పిల్లలతో పాటు చాలామంది పిల్లల దరఖాస్తులు దగ్గరుండి నింపించిన అనుభవంతో ఈ మాట చెబుతున్నాను.

మొదటి దారి గురించి కొంచెం విస్తరంగా చెప్పాలి, ఎందుకంటే మన తల్లిదండ్రులలో చాలామందికి తెలియకుండా పోయేది ఇదే. ఇక్కడ బౌలింగ్‌ను నడిపే జాతీయ సంస్థ యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్, అంటే యూఎస్‌బీసీ. 1895లో పుట్టిన పురుషుల సంఘం, 1916లో పుట్టిన మహిళల సంఘం, పిల్లల సంఘం, జాతీయ జట్టును చూసుకునే సంస్థ 2005లో కలిసిపోయి ఇది ఏర్పడింది. దీని కార్యాలయం మీకు దగ్గరలోనే, ఆర్లింగ్టన్‌లో ఉంది. బౌలింగ్ మ్యూజియం కూడా అదే ఆవరణలో ఉంది. ఒక ఆదివారం అమ్మాయిని తీసుకెళ్ళండి, తాను ఆడే ఆట వెనక ఎంత చరిత్ర ఉందో తనకే తెలుస్తుంది.

పిల్లల ఆటలో చాలాకాలంగా వస్తున్న పద్ధతి ఏమిటంటే, గెలిచిన సొమ్మును చేతికి నగదుగా ఇవ్వరు, చదువు కోసం స్కాలర్‌షిప్‌గా జమ చేస్తారు. ఆ జమను చూసుకోవడానికి 1994లో మొదలైన ఏర్పాటు పేరు స్మార్ట్. లీగ్ నడిపేవారు, టోర్నమెంట్ నడిపేవారు గెలిచిన పిల్లల పేర్లతో సొమ్మును అక్కడికి పంపుతారు. పిల్లవాడి పేరు మీద, యూఎస్‌బీసీ సభ్యత్వ సంఖ్యతో అది నమోదవుతుంది. కాలేజీలో చేరాక కోరితే ఆ సొమ్ము కాలేజీకి ఫీజు కింద వెళుతుంది. మీ అమ్మాయి రెండేళ్ళుగా లీగ్ ఆడుతోందంటే, మీకు తెలియకుండానే ఆమె పేరు మీద కొంత సొమ్ము ఇప్పటికే ఉండవచ్చు. ఈ వారమే సభ్యత్వ కార్డు మీద ఉన్న సంఖ్యతో ఆన్‌లైన్‌లో వెతికి చూడండి.

ఆ సొమ్ము ఎంత ఉంటుందని అడుగుతారు. మా లీగ్‌లో పిల్లలు వారానికి కట్టే రుసుములో రెండు డాలర్లు స్కాలర్‌షిప్ నిధికి వెళతాయి. సీజన్ చివర మొత్తం నిధిని పంచితే, గెలిచిన జట్టులోని పిల్లవాడికి డెబ్భై, ఎనభై డాలర్లు, చివరి స్థానంలో ఉన్నవాడికి ముప్ఫై డాలర్లు వస్తాయి. చూడటానికి ఇది పిండికి తగ్గ రొట్టె. కానీ మా దగ్గర ఎనిమిదేళ్ళ వయసులో చేరి పద్ధెనిమిది దాకా ఆడిన ఒక అబ్బాయి, ఎన్నడూ పెద్ద టోర్నమెంట్ గెలవకపోయినా, లీగ్‌లు, ఊరి పోటీలు, రాష్ట్ర యూత్ పోటీలు కలిపి మూడు వేల నాలుగు వందల డాలర్లు పోగుచేశాడు. అతని మొదటి రెండు సెమిస్టర్ల పుస్తకాలకు, కమ్యూనిటీ కాలేజీ ఫీజులో చాలా భాగానికి అది సరిపోయింది. వాళ్ళ అమ్మ నాతో చెప్పిన మాట నాకు గుర్తుంది. పది సంవత్సరాల పాటు కట్టిన లీగ్ రుసుము ఎటూ ఆట కోసమే కట్టామని, ఇది మాత్రం అడగకుండా వచ్చిన చీటీ పాటలాంటిదని ఆమె అన్నది.

ఇక్కడ మూడు జాగ్రత్తలు చెప్పాలి. మొదటిది, సొమ్ము నిజంగా జమ అయిందో లేదో మీరే చూసుకోవాలి. కొన్నేళ్ళ కింద మా పిల్లలు ఆడిన ఒక చిన్న టోర్నమెంట్‌లో బహుమతులు ప్రకటించి, ఫోటోలు తీసి, పెద్ద అట్ట చెక్కు ఇచ్చారు. ఏడాది గడిచినా మా అబ్బాయి ఖాతాలో ఒక్క డాలరు కనిపించలేదు. నేను నాలుగుసార్లు రాస్తే కానీ నిర్వాహకులు పంపలేదు. అడగని తల్లిదండ్రుల పిల్లలకు అందిందో లేదో నాకు తెలియదు, ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. అందుకే టోర్నమెంట్ తేదీ, వచ్చిన స్థానం, ప్రకటించిన మొత్తం ఒక నోటు పుస్తకంలో రాసుకుని, మూడు నెలలకు ఒకసారి ఖాతాతో సరిచూసుకోండి. రెండోది, ఈ సొమ్ము వాడుకోవడానికి గడువు ఉంటుంది. హైస్కూల్ అయ్యాక ఒకటి రెండు సంవత్సరాలు చదువు ఆపిన పిల్లలు దీన్ని మరచిపోతారు. మూడోది, పేరు. మన పిల్లల పేర్లలో ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక రావడం, పాస్‌పోర్టులో ఒకలా, స్కూల్లో ఒకలా ఉండటం మామూలే. మా లీగ్‌లో ఒకే అమ్మాయికి రెండు పేర్లతో రెండు రికార్డులు తయారై, వాటిని కలిపించడానికి చాలా ఉత్తరాలు నడిచాయి. సభ్యత్వ ఫారం మీద స్కూల్ రికార్డులో ఉన్న పేరునే ప్రతి సంవత్సరం ఒకే విధంగా రాయండి.

నగదు సంగతి కూడా ఇక్కడే చెబుతాను. పెద్దల లీగ్‌లో ఆడమని, గెలిస్తే డబ్బు పంచుకుందామని ఎవరైనా పిలిస్తే, సరేననే ముందు యూఎస్‌బీసీ వారి ఈ సంవత్సరపు యూత్ అర్హత నియమాన్ని, మీ రాష్ట్రపు హైస్కూల్ క్రీడల నియమాన్ని, కాలేజీ క్రీడలు నడిపే ఎన్‌సీఏఏ నియమాన్ని మూడింటినీ చదవండి. ఈ మూడూ వేర్వేరు. ఒకటి అనుమతించినంత మాత్రాన మిగతావి అనుమతించినట్టు కాదు. పైగా ఇవి మారుతూ ఉంటాయి. యాభై డాలర్ల కోసం కాలేజీ అర్హతను ప్రశ్నార్థకం చేసుకోవడం ఏ విధంగానూ తగదు.

ఇక రెండో దారి. యూఎస్‌బీసీ ఏటా జాతీయ స్థాయిలో దరఖాస్తుల మీద ఇచ్చే స్కాలర్‌షిప్‌లలో మీరు పేర్లు గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మహిళల సంఘానికి చాలాకాలం అధ్యక్షురాలిగా ఉన్న అల్బెర్టా క్రో పేరుతో అమ్మాయిలకు, చక్ హాల్ పేరుతో అబ్బాయిలకు స్టార్ ఆఫ్ టుమారో ఉంది. నేను దరఖాస్తులు నింపించిన సంవత్సరాలలో దీని మొత్తం 6,000 డాలర్లు, ఏటా 1,500 చొప్పున నాలుగేళ్ళకు. ఆటలో ప్రతిభ, చదువు, నాయకత్వం మూడూ చూస్తారు. ఎర్ల్ ఆంథొనీ స్మారక స్కాలర్‌షిప్ మరొకటి. ఆయన వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన ఎడమచేతి వాటం ఆటగాడు. 1975లో ఒకే సీజన్‌లో లక్ష డాలర్లు దాటిన తొలి ప్రొఫెషనల్ బౌలర్. ఆయన పేరున ఐదుగురికి తలా 5,000 డాలర్లు ఇచ్చేవారు. సమాజసేవ, చదువు, కుటుంబ ఆర్థిక అవసరం దీనికి ఆధారం. గిఫ్ట్ ఫర్ లైఫ్ అన్నది ఆర్థిక ఇబ్బంది ఉన్న పిల్లల కోసం 1,000 డాలర్ల చొప్పున ఇచ్చేది. జెబ్ స్కాలర్‌షిప్ సమాజసేవకు ప్రాధాన్యం ఇస్తుంది. వీటితో పాటు యూత్ అంబాసిడర్ ఆఫ్ ది ఇయర్ అనే గౌరవం ఉంది, ఒక అమ్మాయికి, ఒక అబ్బాయికి ఇస్తారు. మొత్తాలు, గడువులు ఏటా సరిచూసుకోవలసినవే కనుక మీ అమ్మాయి పదకొండో తరగతిలోకి వచ్చిన వేసవిలో తాజా ఫారాలు దించుకోండి.

ఈ జాబితా చూసి చాలామంది తల్లిదండ్రులు సగటు 200 లేదు కదా అని వెనక్కి తగ్గుతారు. ఇది పొరపాటు. ఎర్ల్ ఆంథొనీ, గిఫ్ట్ ఫర్ లైఫ్ వంటి వాటిలో సగటు అసలు ప్రధానం కాదు. మా లీగ్‌లో 155 సగటు ఉన్న ఒక అమ్మాయి, వికలాంగ పిల్లలకు శనివారం మధ్యాహ్నాలలో బంతి వదలడం నేర్పుతూ, వారికోసం ఇనుప ర్యాంపులను మోసుకొచ్చి సర్దుతూ మూడేళ్ళు గడిపింది. ఆ అనుభవాన్నే వ్యాసంగా రాసింది. మొదటి ముసాయిదాలో ‘నాకు సేవ అంటే ఇష్టం’ వంటి వాక్యాలే ఉన్నాయి. నేను ఆమెను కూర్చోబెట్టి, ర్యాంపు మీద నుంచి మొదటిసారి బంతి తోసిన పిల్లవాడు ఏమి చేశాడో రాయమన్నాను. ఆ ఒక్క పేరాతో వ్యాసం ప్రాణం పోసుకుంది. ఆమెకు రాష్ట్ర స్థాయిలో ఒకటి, జాతీయ స్థాయిలో ఒకటి వచ్చాయి. అదే సంవత్సరం 215 సగటు ఉన్న అబ్బాయి గడువుకు ముందురోజు రాత్రి నింపిన దరఖాస్తుకు ఏమీ రాలేదు.

జాతీయ స్కాలర్‌షిప్‌ల కంటే నేను పిల్లలకు ముందుగా చూపించేది రాష్ట్ర, స్థానిక సంఘాలు ఇచ్చేవి. ప్రతి రాష్ట్రానికీ, చాలా ఊళ్ళకూ యూఎస్‌బీసీ అనుబంధ సంఘం ఉంటుంది. వీటిలో చాలావరకు ఐదు వందలు, వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్‌లు ఏటా ఇస్తాయి. దరఖాస్తు చేసేవారు తక్కువ. ఒక సంవత్సరం మా ప్రాంతపు సంఘంలో నాలుగు స్కాలర్‌షిప్‌లకు ఆరు దరఖాస్తులే వచ్చాయని ఆ కమిటీలో ఉన్న పెద్దాయన నాతో చెప్పి విచారించారు. మీరు ఉంటున్న చోట కార్యదర్శి ఎవరో లీగ్ నిర్వాహకులను అడిగితే చెబుతారు.

ఇప్పుడు మూడో దారి. అమ్మాయిలకు, అబ్బాయిలకు ఇక్కడ పరిస్థితి ఒకటి కాదు, ఆ తేడాను మొహమాటం లేకుండా చెప్పాలి. మహిళల బౌలింగ్‌కు ఎన్‌సీఏఏ జాతీయ చాంపియన్‌షిప్ ఉంది, పురుషుల బౌలింగ్‌కు లేదు. చదువుల్లో స్త్రీపురుష వివక్ష కూడదన్న 1972 నాటి టైటిల్ నైన్ చట్టం వల్ల కాలేజీలు అమ్మాయిలకు ఆటల అవకాశాలు పెంచవలసి వచ్చింది. పెద్ద మైదానాలు, ఖరీదైన కట్టడాలు అక్కరలేకుండా, ఊళ్ళో ఉన్న సెంటర్‌లోనే సాధన చేయించగల ఆట కావడంతో చాలా కాలేజీలు బౌలింగ్‌ను ఎంచుకున్నాయి. చారిత్రకంగా నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన కాలేజీలు ఇందులో ముందు నడిచాయి. మేరీల్యాండ్ ఈస్టర్న్ షోర్ విశ్వవిద్యాలయం 2008, 2011, 2012లలో జాతీయ విజేత అయింది. తొలి చాంపియన్‌షిప్ 2004లో జరిగింది, గెలిచింది నెబ్రాస్కా. వాండర్‌బిల్ట్ వంటి పేరున్న విశ్వవిద్యాలయానికి ఏ ఆటలోనైనా వచ్చిన మొట్టమొదటి జాతీయ జట్టు టైటిల్ 2007లో ఈ అమ్మాయిల బౌలింగ్ జట్టు తెచ్చినదే. బౌలింగ్ అంటే పుట్టినరోజు పార్టీల ఆట అని మీ చుట్టాలు అంటే, ఈ సంగతి వారికి చెప్పండి.

అయితే జట్టులో చోటు అంటే ఫీజు మొత్తం మాఫీ అని అనుకోకండి. ఎన్‌సీఏఏ కాలేజీలను డివిజన్ వన్, టూ, త్రీ అనే మూడు స్థాయిలుగా విడదీస్తుంది. చాలా సంవత్సరాల పాటు డివిజన్ వన్, డివిజన్ టూ జట్టుకు ఐదు పూర్తి స్కాలర్‌షిప్‌లకు సమానమైన సొమ్మే పరిమితిగా ఉండేది. దాన్ని కోచ్ ఎనిమిది, పది మంది అమ్మాయిలకు ముక్కలుగా పంచేవారు. ఎన్‌సీఏఏ మీద క్రీడాకారులు వేసిన దావాలో 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందం తర్వాత, డివిజన్ వన్‌లో ఆ ఒప్పందానికి అంగీకరించిన కాలేజీలలో స్కాలర్‌షిప్‌ల పరిమితి పోయి, జట్టులో ఎంతమంది ఉండవచ్చన్న పరిమితి వచ్చింది. అంతమాత్రాన ప్రతి కాలేజీ ఎక్కువ డబ్బు పెడుతుందని కాదు, అది ఆ కాలేజీ బడ్జెట్‌ను బట్టి ఉంటుంది. డివిజన్ త్రీ కాలేజీలు ఆట పేరుతో స్కాలర్‌షిప్ ఇవ్వవు. కానీ అవే కాలేజీలు మార్కుల మీద ఇచ్చే సహాయం కొన్నిసార్లు ఆట స్కాలర్‌షిప్ కంటే ఎక్కువగా ఉంటుంది. మా లీగ్ నుంచి డివిజన్ టూ కాలేజీకి వెళ్ళిన అమ్మాయికి ఆట మీద వచ్చింది ఏటా నాలుగు వేల డాలర్లు, మార్కుల మీద వచ్చింది పదకొండు వేలు. నేను మార్కుల గురించి మళ్ళీ మళ్ళీ చెప్పడానికి కారణం ఇదే. కోచ్ దృష్టిలో కూడా, మార్కుల మీద సొమ్ము తెచ్చుకోగల అమ్మాయి తన ఆట బడ్జెట్‌ను మిగిల్చే అమ్మాయి.

ఎన్‌సీఏఏ ఒక్కటే కాదు. ఎన్‌ఏఐఏ అనే మరో కాలేజీ క్రీడా సంస్థ అమ్మాయిలకూ, అబ్బాయిలకూ బౌలింగ్ నడుపుతుంది. అయోవాలోని సెయింట్ ఆంబ్రోస్, జార్జియాలోని సవానా ఆర్ట్ అండ్ డిజైన్ కాలేజీ, ఫ్లోరిడాలోని వెబర్ ఇంటర్నేషనల్ వంటివి ఈ ఆటలో పేరున్నవి. రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీలకు ఎన్‌జేసీఏఏ ఉంది. వీటన్నిటితో పాటు యూఎస్‌బీసీ స్వయంగా నడిపే కాలేజీ పోటీలు ఉన్నాయి, అబ్బాయిలకు ప్రధాన వేదిక అదే. కాన్సస్‌లోని విచిటా స్టేట్ అందులో దశాబ్దాలుగా రాణించింది. మీకు అబ్బాయి ఉండి ఇదే ప్రశ్న అడిగి ఉంటే, నా సమాధానం ఈ పేరా నుంచే మొదలయ్యేది.

కాలేజీ కోచ్‌లు ఏమి చూస్తారో కూడా తెలుసుకోవాలి. శనివారం లీగ్‌లలో లేన్ మీద, అంటే బంతి దొర్లే బాట మీద, నూనె పూసే తీరు ఆటగాళ్ళకు అనుకూలంగా ఉంటుంది. మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ పూస్తారు కనుక కొంచెం తప్పినా బంతి తిరిగి పిన్నుల దగ్గరకు వస్తుంది. పోటీల్లో వాడే స్పోర్ట్ ప్యాటర్న్‌లు అనే కఠినమైన నూనె పూతలలో ఆ వెసులుబాటు ఉండదు. లీగ్‌లో 200 సగటు ఉన్న పిల్లలు అక్కడ 170కి పడిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. అందువల్ల కోచ్ ‘నీ సగటు ఎంత’ అని కాక ‘ఏ ప్యాటర్న్ మీద ఎంత’ అని అడుగుతారు. ఆ వెంటనే స్పేర్‌ల గురించి, అంటే మొదటి బంతికి మిగిలిన పిన్నులను రెండో బంతితో పడగొట్టడం గురించి, అడుగుతారు. కాలేజీ ఆటలో ఎక్కువ భాగం బేకర్ పద్ధతిలో ఉంటుంది, అంటే పది ఫ్రేములు (వంతులు) ఉండే ఒకే ఆటను ఐదుగురు తలా రెండు ఫ్రేములు ఆడతారు. ఒకరు వదిలిన ఒక్క పిన్ను మిగతా నలుగురి శ్రమను తినేస్తుంది. పదో నంబరు పిన్ను ఒక్కటే మిగిలినప్పుడు పదికి తొమ్మిదిసార్లు కొట్టగల అమ్మాయి, అద్భుతంగా బంతి తిప్పగల అమ్మాయి కంటే ముందు ఎంపికవుతుంది. 148 సగటు ఉన్న పదమూడేళ్ళ పిల్లకు స్పేర్‌లు నేర్పితే ఏడాదిలో 165 దాటుతుంది. కొత్త బంతితో వచ్చేది అంత ఉండదు.

వరుస క్రమం ఇలా పెట్టుకోండి. ఇప్పటినుంచి తొమ్మిదో తరగతి దాకా లీగ్, స్థానిక టోర్నమెంట్లు, స్పేర్ సాధన. తొమ్మిదిలో స్పోర్ట్ ప్యాటర్న్ మీద ఆడే అవకాశం వెతకండి. జూలైలో జరిగే జూనియర్ గోల్డ్ పిల్లలకు జాతీయ స్థాయిలో అతిపెద్ద వేదిక. 2023లో ఇండియానాపోలిస్‌లో, 2024లో డెట్రాయిట్‌లో, 2025లో గ్రీన్ బేలో జరిగింది. వయసుల వారీగా విభాగాలు ఉంటాయి. స్థానికంగా అర్హత సాధించి వెళ్ళాలి. పిల్లల జాతీయ జట్టు అయిన జూనియర్ టీమ్ యూఎస్ఏకు ఎంపికలు అక్కడి ఫలితాల నుంచి జరుగుతాయి. కాలేజీ కోచ్‌లు గోడవార నిలబడి నోటు పుస్తకాల్లో రాసుకుంటూ కనిపిస్తారు. పదో తరగతి అయ్యాక వచ్చే జూన్ 15 నుంచి చాలా ఆటల్లో కోచ్‌లు నేరుగా పిల్లలతో మాట్లాడవచ్చు, ఆలోపే అమ్మాయి తానుగా వారికి రాయడంలో తప్పులేదు. ఆ ఉత్తరం అమ్మాయే రాయాలి. తండ్రి రాసిన ఉత్తరాన్ని కోచ్‌లు ఒక్క వాక్యంలోనే గుర్తుపడతారు. ఎన్‌సీఏఏ డివిజన్ వన్, టూలలో ఆడాలంటే హైస్కూల్‌లో పదహారు కోర్ కోర్సులు పూర్తి కావాలి కనుక తొమ్మిదో తరగతిలోనే స్కూల్ కౌన్సెలర్‌తో ఆ జాబితా సరిచూసుకోండి.

మీ వీసా ప్రశ్న విషయానికి వస్తాను. హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ వారి కుటుంబానికి ఇచ్చే వీసా మీద, ఉన్న పిల్లలు లీగ్‌లలో ఆడవచ్చు, కాలేజీ చదవవచ్చు. ఎన్‌సీఏఏ జట్లలో విదేశీ పౌరులు వేల సంఖ్యలో ఉన్నారు, ఆట స్కాలర్‌షిప్‌కు పౌరసత్వం అక్కరలేదు. మీకు అడ్డు వచ్చేది మరొకచోట. ప్రభుత్వ ఆర్థిక సహాయం కోసం నింపే ఎఫ్‌ఏఎఫ్‌ఎస్‌ఏ ద్వారా వచ్చే కేంద్ర సహాయానికి పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవారు, మరికొన్ని నిర్దిష్ట వర్గాల వారు మాత్రమే అర్హులు. హెచ్-4 పిల్లలు ఆ వర్గాల్లో లేరు. కాబట్టి మీ వంటి కుటుంబానికి ప్రైవేటు స్కాలర్‌షిప్‌ల విలువ ఇతరుల కంటే ఎక్కువ. ప్రతి ఫారంలో నివాస హోదా గురించి ఏమి రాశారో ముందే చదవండి. ఇరవై ఒక్క ఏళ్ళు నిండితే హెచ్-4 పోతుంది. డిగ్రీ మధ్యలో విద్యార్థి వీసా అయిన ఎఫ్-1కు మారవలసి రావచ్చు. ఆ మార్పు ఎప్పుడు వస్తుందో లెక్కవేసి, కాలేజీని ఎంచుకునేటప్పుడే అక్కడి అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంతో మాట్లాడండి. పేరు, బొమ్మ వాడుకోనిచ్చి ప్రకటనల ద్వారా డబ్బు తీసుకోవడం మాత్రం ఇమిగ్రేషన్ లాయరును అడగకుండా చేయవద్దు. స్కాలర్‌షిప్ చదువుకు ఇచ్చే సహాయం, ప్రకటన సొమ్ము పనికి ఇచ్చే ప్రతిఫలంగా లెక్కకు రావచ్చు. ఈ రెంటి మధ్య తేడా వీసాకు చాలా పెద్దది.

డబ్బు వచ్చాక తెలుసుకోవలసినవి రెండు. డిగ్రీ చదివే విద్యార్థి ట్యూషన్ ఫీజుకు, తప్పనిసరి పుస్తకాలకు వాడిన స్కాలర్‌షిప్ మీద కేంద్ర ఆదాయపు పన్ను లేదు. వసతికి, భోజనానికి వాడిన భాగం మీద ఉంటుంది. అందువల్ల స్మార్ట్ సొమ్మును ఫీజులకే పంపమని నేను సలహా ఇస్తాను. రెండోది, బయటి స్కాలర్‌షిప్ వచ్చిందని తెలిస్తే కొన్ని కాలేజీలు తామిచ్చే సహాయంలో ఆ మేరకు కోత పెడతాయి. మేరీల్యాండ్ 2017లో ప్రభుత్వ కాలేజీలలో దీన్ని కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది, తర్వాత మరికొన్ని రాష్ట్రాలు ఆ బాట పట్టాయి. సహాయ కార్యాలయాన్ని ముందుగా అడగవలసిన ప్రశ్న, కోత పెడితే అప్పు భాగంలో పెడతారా, ఉచిత సహాయంలో పెడతారా అని. మా అబ్బాయి విషయంలో అడిగినందువల్లే అది అప్పు భాగంలోంచి తగ్గింది.

డబ్బుతో పనిలేని అవార్డుల గురించి మీరు అడిగారు కానీ చాలామంది వాటిని పట్టించుకోరు. పన్నెండు వరుస స్ట్రైక్‌లతో (ఒకే బంతికి పది పిన్నులూ పడటం) 300 ఆట, మూడు ఆటలు కలిపి 800 వంటి ఘనతలకు యూఎస్‌బీసీ గుర్తింపు ఉంది. స్ట్రైక్, స్పేర్ మార్చి మార్చి వేస్తే సరిగ్గా 200 వస్తుంది, దాన్ని డచ్ టూహండ్రెడ్ అంటారు. పిల్లలు దాన్ని అపురూపంగా చెప్పుకుంటారు. హైస్కూల్ జట్టు ఉంటే అందులో చేరి స్కూల్ గౌరవాలు తెచ్చుకోవడం కూడా దరఖాస్తుల్లో బాగా పనికొస్తుంది. పదో తరగతిలో సంపాదించిన చిన్న బ్యాడ్జీ పన్నెండో తరగతి వ్యాసానికి తేదీతో సహా ఆధారం అవుతుంది. ఒక పెట్టెలో అన్నీ దాచండి.

చివరగా మూడో బంతి, ప్రత్యేక కోచింగ్. మూడో బంతి ఇప్పుడు వద్దు. పదమూడేళ్ళ పిల్ల ఎదుగుతోంది, చేతి వేళ్ళ కొలత ఏడాదిలో మారుతుంది. రంధ్రాలు మళ్ళీ పూడ్చి తొలిపించవలసి వస్తుంది. స్ట్రైక్‌కు ఒక బంతి, స్పేర్‌కు నూనెను పట్టించుకోకుండా నేరుగా వెళ్ళే ప్లాస్టిక్ బంతి ఒకటి, ఈ రెండు చాలు. ఉన్న బంతుల వేలి కొలత మాత్రం ఈ నెలలోనే బౌలింగ్ సామాను అమ్మే ప్రో షాప్‌లో సరిచూపించండి. బిగుతుగా ఉన్న రంధ్రంతో ఆడి మణికట్టు నొప్పి తెచ్చుకున్న పిల్లలను నేను ఇద్దరిని చూశాను. కోచింగ్ అయితే నెలకు రెండు గంటలు, ధ్రువీకరణ ఉన్న కోచ్ దగ్గర, మొదటి ఆరు నెలలు స్పేర్‌ల మీదే పెట్టించండి. జూనియర్ గోల్డ్ ప్రయాణానికి మా కుటుంబానికి విమానం, హోటల్, ఎంట్రీ ఫీజు కలిపి రెండు వేల డాలర్లకు పైనే అయింది. ఆ సంవత్సరం మా అమ్మాయి తెచ్చుకున్నది నూట యాభై. అది ఖర్చుగానే చూసి, అనుభవం కోసం వెళ్ళాం. మీరు కూడా ఆ ప్రయాణాన్ని స్పోర్ట్ ప్యాటర్న్ మీద సగటు 165 దాటే దాకా వాయిదా వేసి, ఆ రెండు వేలను కోచింగ్‌కు, స్థానిక టోర్నమెంట్లకు మళ్ళించండి. స్మార్ట్ ఖాతాలో ఏమి కనిపించిందో, పేరు సరిగ్గా ఉందో లేదో చూసి ఇక్కడే రాయండి. ఏదైనా తేడా ఉంటే ఎవరికి ఏమని రాయాలో ఉత్తరం నమూనా ఇస్తాను.